ఒక భూస్వామి స్మారకఫలకం – కొన్ని ప్రశ్నలు

ఆ మధ్య మా జిల్లాలో యువ రచయితల కోసం రెండు రోజుల సాహిత్య పాఠశాల జరిగింది. "సాహిత్యంలో స్మృతి" అనే అంశం మీద నన్ను మాట్లాడమన్నారు. ఉత్త ఉపన్యాసం ఇచ్చి రావడం ఇష్టంలేక ఒక పెద్ద ఛాయాచిత్రం వెంట పట్టుకుపోయాను. ఇంగ్లండులో ఒక పల్లె చర్చిలో నాలుగు వందల ఏళ్ళకు పైగా నిలిచివున్న స్మారకఫలకం బొమ్మ అది. ఒక భూస్వామి తన తల్లిదండ్రుల పేరిట చేయించినది. దాన్ని బల్ల మీద నిలబెట్టి "ఇందులో మీకేం కనిపిస్తోందో చెప్పండి" అన్నాను.

మొదట లేచినతను తెలుగు ఎం.ఏ. చదువుతున్న విద్యార్థి. రంగుల పొందికనీ, బట్టల మీది పనితనాన్నీ మెచ్చుకున్నాడు. "చేయించినవాడు ఎవడైతే మనకెందుకు మాస్టారూ, కళను కళగా చూస్తే చాలదా?" అన్నాడు. అతని మాట పూర్తికాకముందే మరో యువకుడు లేచాడు. అప్పటికే రెండు కథలు అచ్చయినవాడు. "ఇదంతా జమీందారీ డాబు. ఈ రంగులకు డబ్బు ఎవరి చెమట నుంచి వచ్చింది? అది చెప్పని బొమ్మతో మనకేం పని?" అన్నాడు. సభలో చప్పట్లు మోగాయి. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' చదువుకున్న సభ మరి.

ఆ చప్పట్లు నాకు ఇబ్బంది కలిగించాయి. రెండో మిత్రుడి పక్షమే నా పక్షం. అతనడిగింది న్యాయమైన ప్రశ్న. కాని ప్రశ్న అడిగాక అతను మళ్ళీ బొమ్మ వైపు చూడలేదు. జవాబు కోసం కాక, ముగింపు కోసం వేసిన ప్రశ్న అది. నన్ను బాధపెట్టిన అసలు సంగతి ఏమిటంటే, నేను కూడా చాలాకాలం అలాగే రాస్తూ వచ్చాను. ఒక ప్రశస్తి శాసనమో, ఒక ప్రబంధమో కనబడగానే "భూస్వామ్య భావజాలం" అని ముద్ర కొట్టి పేజీ తిప్పేసేవాణ్ణి. ముద్ర తప్పు కాదు. ముద్ర కొట్టడంతో చదవడం పూర్తయిందనుకోవడం తప్పు. ఆనాడు వేళ చాలక చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

2

ముందు ఆ స్మారకం ఎలాంటిదో చూద్దాం. నేను ఆ చర్చికి వెళ్ళినవాణ్ణి కాను. ఛాయాచిత్రాలూ, పుస్తకాలూ నాకు ఆధారం.

ఇంగ్లండులో విల్ట్‌షైర్ అనే జిల్లా ఉంది. అందులో స్విండన్ పట్నానికి పడమటి అంచున లిడియర్డ్ ట్రెగోజ్ అనే చోట సెయింట్ మేరీ చర్చి ఉంది. పక్కనే ఆ వూరి భూస్వాముల భవనం. వాళ్ళ ఇంటిపేరు సెయింట్ జాన్. రాయడం అలా రాసినా పలకడం 'సిన్‌జన్' అని పలుకుతారు. ఆ ఇంటి సర్ జాన్ సెయింట్ జాన్ 1615లో, 1594లో చనిపోయిన తన తండ్రికీ, ఆ తరువాత నాలుగేళ్ళకు పోయిన తల్లి లూసీ హంగర్‌ఫోర్డ్‌కూ గుర్తుగా ఈ ఫలకాన్ని పెట్టించాడు. తండ్రి పేరు కూడా జానే.

రాతి సమాధి కాదిది. మడత తలుపులున్న పెద్ద చిత్రఫలకం. తలుపులు తెరిస్తే నిలువెత్తు మనుషుల బొమ్మలు. మూస్తే కనబడేవి వంశవృక్షాలూ, డాళ్ళ మీద చిత్రించిన వంశచిహ్నాలూ. కాకతీయుల వరాహ లాంఛనం మనకు తెలుసు గనక ఈ వంశచిహ్నాలను నేను లాంఛనాలు అంటాను. సెయింట్ జాన్ వంశ లాంఛనం వెండిరంగు డాలు, దాని పైభాగాన ఎర్రపట్టీ, పట్టీ మీద రెండు బంగారు నక్షత్రాలు.

చూసేవాడికి ఇవి రంగుల అలంకారాలు. చదవడం తెలిసినవాడికి ఇవి దస్తావేజులు. మగవాడి డాలు కొడుకులకు వస్తుంది. కూతురికి అన్నదమ్ములుంటే ఆమె పుట్టింటి లాంఛనం ఆమెతోనే పోతుంది, పిల్లలకు రాదు. అన్నదమ్ములు లేక తండ్రి ఆస్తి ఆమెకు సంక్రమిస్తే మాత్రం ఆమె పిల్లలు తమ డాలును గళ్ళుగా విభజించి, ఒక గడిలో తల్లి పుట్టింటి లాంఛనాన్ని చేర్చుకుంటారు. అంటే డాలు మీద గళ్ళు ఎక్కువైనకొద్దీ ఎన్ని వంశాల మగసంతానం అంతరించి ఆడవాళ్ళ ద్వారా ఆ హక్కులు ఈ ఇంటికి చేరాయో లెక్క తెలుస్తుంది. మా వూళ్ళో కరణంగారి పాత దండకవిలెలో పొలం చేతులు మారిన వరస ఎలా ఉండేదో, ఈ డాలు మీద అలా ఉంటుంది. తేడా అల్లా ఇక్కడ ఆ వరసకు బంగారు పూత ఉంది.

ఈ లాంఛనాలు ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకునేవి కావు. దానికొక ప్రభుత్వ యంత్రాంగం ఉండేది. లాంఛనాల వ్యవహారం చూసే రాజోద్యోగులను హెరాల్డులంటారు. వాళ్ళ సంస్థకు 1484లో రాజపత్రం లభించింది. 1530 నుంచి 1688 వరకు ఈ హెరాల్డులు జిల్లాల వెంట తనిఖీలు తిరిగి, ఎవరికి లాంఛనం వేసుకునే హక్కుందో, ఎవరికి లేదో తేల్చేవాళ్ళు. హక్కు లేదని తేలినవాడు పెద్దమనిషి కాడని బాహాటంగా ప్రకటించేవాళ్ళు. "పుట్టుక" అనేది ప్రకృతి ఇచ్చిందని చెప్పుకునే వర్గం, ఆ పుట్టుకకు ప్రభుత్వం చేత ధ్రువపత్రం రాయించుకోవలసి వచ్చిందన్నమాట.

లిడియర్డ్ ఫలకం మీది వంశవృక్షాలను కూర్చినవాడు సర్ రిచర్డ్ సెయింట్ జార్జ్. ఆనాటి ప్రధాన హెరాల్డుల్లో ఒకడు. ఫలకం పెట్టించిన సర్ జాన్‌కు మేనత్త భర్త కూడా. ధ్రువపత్రం ఇచ్చే అధికారీ, పుచ్చుకునేవాడూ ఒకే కుటుంబం. ఆయన పేరు చరిత్రలో స్థిరంగా ఉంది. బొమ్మలు వేసినవాడి పేరు మాత్రం పండితుల ఊహగానే మిగిలింది. శైలిని బట్టి విలియం లార్కిన్ అన్నవాళ్ళున్నారు. వంశం కూర్చినవాడికి దక్కిన స్థానం, రంగులు కూర్చినవాడికి దక్కలేదు.

3

ఇక, ఈ ఫలకం 1615లోనే ఎందుకు లేచింది? తండ్రి పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. దుఃఖమే కారణమైతే ఇంత ఆలస్యం అక్కరలేదు.

జవాబు నాలుగేళ్ళు వెనక్కి వెళితే దొరుకుతుంది. 1611లో ఒకటో జేమ్స్ రాజు బారొనెట్ అనే కొత్త వంశపారంపర్య బిరుదును సృష్టించాడు. ఐర్లండులో ముప్ఫైమంది సైనికులను మూడేళ్ళపాటు పోషించే ఖర్చు కింద 1,095 పౌన్లు చెల్లించినవారికి ఆ బిరుదు. అల్‌స్టర్ ప్రాంతంలో ఐరిష్ ప్రజల భూములు లాక్కుని ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి తెచ్చినవాళ్ళను స్థిరపరుస్తున్న రోజులవి. బారొనెట్లు తమ డాలు మీద అల్‌స్టర్ చిహ్నమైన ఎర్రటి హస్తాన్ని వేసుకోవచ్చని 1612లో రాజు అనుమతించాడు. మన సర్ జాన్ 1611లోనే బారొనెట్ అయ్యాడు.

డబ్బుతో వచ్చిన గౌరవానికి ఒక ఇబ్బంది ఉంది. డబ్బున్న ప్రతివాడూ దాన్ని కొనుక్కోవచ్చు. ఆ ఇబ్బందిని కప్పిపుచ్చాలంటే, "మాకిది కొత్తగా వచ్చింది కాదు, రక్తంలోనే ఉంది" అని చెప్పుకోవాలి. బిరుదు పుచ్చుకున్న నాలుగేళ్ళకు వంశవృక్షాలతో నిండిన ఫలకం చర్చిలో, దేవుడి వేదిక పక్కన లేవడంలో నాకు కనిపించే అర్థం ఇదే. తల్లిదండ్రుల స్మృతి అబద్ధమని నేననడం లేదు. ఆ స్మృతికి పని కల్పించారంటున్నాను.

ఇది మనకు కొత్త కాదు. ఎం.ఏ.లో మేము 'మనుచరిత్ర' చదివేటప్పుడు అవతారికను పరీక్ష కోసం బట్టీపట్టి, ప్రవరుడి కథలోకి పరుగెత్తేవాళ్ళం. చంద్రుడి దగ్గర మొదలైన వంశవర్ణన కృష్ణదేవరాయల దగ్గరికి వచ్చి ఆగుతుంది. చంద్రుడి నుంచి తుళువ వంశం దాకా వచ్చేలోగా ఆ వర్ణన ఎక్కడ నిదానిస్తుందో, ఎక్కడ గెంతుతుందో గమనించమని మాకెవరూ చెప్పలేదు. వంశవర్ణనను చదివే పద్ధతి అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పొగడ్త ఎక్కడ ఎక్కువైందో అక్కడ కాదు, దారం ఎక్కడ తెగి ముడిపడిందో అక్కడ చూడాలి.

లిడియర్డ్ ఫలకాన్ని అలా చూస్తే ముడులన్నీ ఆడవాళ్ళ దగ్గర ఉన్నాయి. ఊరి పేరులోని ట్రెగోజ్ అసలు వేరే వంశం. వాళ్ళ దగ్గర నుంచి ఆ భూమి వారసురాళ్ళ పెళ్ళిళ్ళ ద్వారా గ్రాండిసన్లకు, వాళ్ళ నుంచి పాట్‌షల్లకు, అక్కడ నుంచి బీచమ్‌లకు చేరింది. చివరికి పదిహేనో శతాబ్దంలో మార్గరెట్ బీచమ్ అనే వారసురాలు ఆలివర్ సెయింట్ జాన్‌ను పెళ్ళాడడంతో ఈ వంశం చేతికి వచ్చింది. ఆమే భర్త పోయాక సోమర్‌సెట్ డ్యూకును పెళ్ళాడింది. ఆ పెళ్ళిలో పుట్టిన మార్గరెట్ బోఫర్ట్ కొడుకే 1485లో గద్దెనెక్కిన ఏడో హెన్రీ. అంటే సెయింట్ జాన్లకు రాజబంధుత్వం వచ్చింది ఆమె వల్ల, భూమి వచ్చింది ఆమె వల్ల. వృక్షం మాత్రం మగవాడి పేరు మీద నిలబడింది.

లాంఛనశాస్త్రంలో ఇంకో చిన్న నియమం ఉంది. డాలు యుద్ధానికి సంబంధించినది గనక పెళ్ళికాని స్త్రీకీ, భర్త పోయిన స్త్రీకీ డాలు ఉండదు. ఆమె లాంఛనాన్ని గాలిపటం ఆకారపు పలక మీద వేస్తారు. ఊళ్ళకు ఊళ్ళు మోసుకొచ్చినవాళ్ళకు డాలు లేదు. ఈ సంగతి నేను బయట నుంచి తెచ్చి అంటగట్టడం లేదు. ఆ గళ్ళూ, ఆ నియమాలూ చెబుతున్నదే. రెండో మిత్రుడు "డాబు" అని కొట్టిపారేసిన చోట తన వాదానికి ఇంత సాక్ష్యం ఉంది.

4

ఇప్పుడు తలుపులు తెరుద్దాం.

నడుమ తల్లీ తండ్రీ మోకాళ్ళ మీద ప్రార్థిస్తూ ఉంటారు. ఒక పక్క ఫలకం పెట్టించిన సర్ జాన్, అతని భార్య ఆన్ లైటన్. మరో పక్క అతని ఆరుగురు అక్కచెల్లెళ్ళు, వరసగా నిలబడి, ఖరీదైన దుస్తుల్లో. మూసిన తలుపుల మీద వీళ్ళు వంశవృక్షపు కొమ్మలు. తెరిచినప్పుడు ముఖాలున్న మనుషులు. ఒకే వస్తువు ఒకే కుటుంబం గురించి రెండు రకాలుగా మాట్లాడుతోంది. శిల్పం గురించి మాట్లాడదలచిన మొదటి మిత్రుడు పట్టుకోవలసిన సంగతి ఇది. చిత్రకారుడు పోషకుడి ఆజ్ఞ మేరకే వేసినా, మనిషి ముఖం వేయడానికి పూనుకున్నాక వంశం కన్న వేరే విషయం ఏదో కొంత అందులోకి వస్తుంది.

ఆ ఆరుగురిలో చిన్నది లూసీ. ఆమె లండన్ టవర్ అధికారి సర్ అలెన్ ఆప్స్‌లీని పెళ్ళి చేసుకుంది. లండన్ టవర్ అంటే కోటా, జైలూ కూడా. అక్కడ 1620లో ఆమెకొక కూతురు పుట్టింది. కూతురి పేరు కూడా లూసీయే. పెళ్ళయ్యాక లూసీ హచిన్‌సన్. ఇంగ్లీషు గద్యం చదివేవాళ్ళకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1642లో మొదలైన అంతర్యుద్ధంలో ఆమె భర్త కర్నల్ జాన్ హచిన్‌సన్ పార్లమెంటు పక్షాన నాటింగ్‌హాం కోటను కాపాడాడు. 1649లో రాజు ఒకటో చార్లెస్ మరణశాసనం మీద సంతకం చేసినవాళ్ళలో ఆయన ఒకడు.

అదే యుద్ధంలో లిడియర్డ్ సర్ జాన్ కొడుకులు ముగ్గురు రాజు పక్షాన ప్రాణాలు విడిచారు. వాళ్ళలో ఎడ్వర్డ్ 1645లో చనిపోయాడు. అదే చర్చిలో అతనికి నిలువెత్తు బంగారు పూత విగ్రహం ఉంది. యుద్ధ శిబిరపు గుడారం తెరలను కుర్రసేవకులు పక్కకు తీసి పట్టుకుంటే, అతను బయటికి నడిచి వస్తున్నట్టు చెక్కారు. మేనమామ కొడుకు ఇక్కడ బంగారు వీరుడైతే, మేనత్త కూతురు రాజును గద్దె దించినవాళ్ళ ఇంటి ఇల్లాలు. ఇంకో విశేషం. సర్ జాన్ కొడుకుల్లోనే వాల్టర్ పార్లమెంటు పక్షపు ప్రధాన న్యాయమూర్తి కూతుర్ని పెళ్ళాడి, తరువాతి కాలంలో తనే ఆ ఎస్టేటుకు వారసుడయ్యాడు. ఒక్క రక్తం ఒక్క మాట మీద నిలబడుతుందని వంశవృక్షం చెప్పింది. ముప్ఫై ఏళ్ళు తిరక్కుండా చరిత్ర దాన్ని చీల్చింది.

రాజరికం 1660లో తిరిగి వచ్చాక కర్నల్ హచిన్‌సన్ అరెస్టయి, 1664లో సముద్రపొడ్డున ఒక కోటలో ఖైదీగా చనిపోయాడు. లూసీ హచిన్‌సన్ తన పిల్లల కోసం భర్త జీవితచరిత్ర రాసింది. అది 1806 దాకా అచ్చుకాలేదు. అదీ ఒక స్మారకమే. కాని అందులో మనిషిని నిలబెట్టింది పుట్టుక కాదు. అతను తీసుకున్న నిర్ణయాలు, చేసిన తప్పులు, ఎదుర్కొన్న విచారణలు. తన సొంత జీవితం గురించి ఆమె రాసిన చిన్న భాగం కూడా మిగిలింది. తన తల్లి చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకుని, బంధువుల పంచన కష్టాలు పడిందని అందులో రాసింది. టవర్‌లో ఖైదీగా ఉన్న వాల్టర్ రాలీ రసాయన ప్రయోగాలకు తల్లి డబ్బిచ్చి, ఆ వైద్యం నేర్చుకుని ఖైదీలకు, పేదవాళ్ళకు మందులిచ్చిందనీ రాసింది. ఫలకం మీద మంచి బట్టల్లో నిలబడిన ఆ ఆరో అమ్మాయి గురించి మనకు ఇన్ని సంగతులు తెలియడానికి కారణం లాంఛనం కాదు, కూతురి కలం.

పదార్థవాద తత్త్వాన్ని కావ్యంగా చెప్పిన రోమన్ కవి లుక్రీషియస్‌ను మొట్టమొదట పూర్తిగా ఇంగ్లీషులోకి తెచ్చింది కూడా ఈ లూసీ హచిన్‌సనే. ఆ అనువాదం 1996లో గాని అచ్చు కాలేదు. అలాగని ఆమెను మన సంఘ సభ్యురాలిని చేసేయకూడదు. ఆమె దైవభక్తురాలు. లుక్రీషియస్ నాస్తికత్వాన్ని తరువాత తనే ఖండించింది. భూమి ఉన్న ఇంటి మనిషి. అయినా ఆ ఫలకానికి మొదటి విమర్శ రాసింది ఆ ఫలకం లోపలి నుంచి బయలుదేరిన కలమే. రాయి విసరడానికి బయట నిలబడ్డ మనం ఈ సంగతి తెలుసుకోవద్దా?

5

రెండో మిత్రుడి ప్రశ్న ఇంకా అలాగే ఉంది. చెమట ఎవరిది?

ఫలకం మీద వాళ్ళు లేరు. ఉత్తర విల్ట్‌షైర్ పాడికీ జున్నుకీ పేరున్న నేల. పాలు పితికిన చేతులు, గడ్డి కోసిన చేతులు ఈ బొమ్మలో ఎక్కడా కనబడవు. ఇది ఈ ఒక్క ఫలకం లోపం కాదు. అదే రోజుల్లో ఇంగ్లీషు కవులు భూస్వాముల భవనాల మీద కావ్యాలల్లారు. బెన్ జాన్సన్ రాసిన 'టు పెన్స్‌హర్స్ట్' 1616లో అచ్చయింది. ఆ కవిత్వంలో పంట తనంతట తనే బల్ల మీదికి వచ్చేస్తుందనీ, శ్రమ చేసే మనిషిని దృశ్యం నుంచి తీసేయడమే దాని రహస్యమనీ రేమండ్ విలియమ్స్ 1973లో వెలువరించిన 'ది కంట్రీ అండ్ ది సిటీ' గ్రంథంలో విశ్లేషించాడు. కాబట్టి ఫలకాన్ని చూసి "శ్రామికుడు ఏడీ?" అని ఊరుకుంటే చాలదు. స్మారకం దాచినవాణ్ణి ఇంకో చోట వెతకాలి.

వెతికితే దొరుకుతాడు. లిడియర్డ్‌కు పడమట కొద్ది మైళ్ళ దూరంలో బ్రేడన్ అడవి ఉండేది. చుట్టుపట్ల పేదలు పశువులు మేపుకుని, కట్టెలు తెచ్చుకుని బతికిన అడవి. రాజు ఖజానాకు డబ్బు కావాలని ఆ అడవిని పంచి, కంచెలు వేయించి, కౌళ్ళకిచ్చారు. 1631లో జనం తిరగబడి ఆ కంచెలు పీకేశారు. నాయకులు ఆడవేషం వేసుకుని "లేడీ స్కిమింగ్టన్" అనే పేరు పెట్టుకున్నారు. స్కిమింగ్టన్ అంటే అక్కడి పల్లెల్లో తప్పుచేసినవాణ్ణి ఊరేగించి అల్లరిపెట్టే ఆచారం. పట్టుబడ్డవాళ్ళలో ముగ్గురిని అవే ఆడబట్టలతో జనం నడుమ బొండకొయ్యలో నిలబెట్టి శిక్షించారు. వీళ్ళు తిరగబడ్డారని మనకు చెప్పింది చర్చి గోడ కాదు, కోర్టు కాగితాలు. ఈ తిరుగుబాటు జరిగిన మూడేళ్ళకు, 1634లో, సర్ జాన్ తను బతికి ఉండగానే తనకూ ఇద్దరు భార్యలకూ పాలరాతి సమాధి కట్టించుకున్నాడు. పదముగ్గురిని కని ఆ ఆఖరి కాన్పులో 1628లో పోయిన మొదటి భార్య ఆన్ చేతుల్లో పసిబిడ్డ శిల్పం ఉంటుంది. ఇంటి లోపలి శ్రమకు రాతిలో కాస్త చోటు దొరికింది. ఇంటి బయటి శ్రమకు అదీ లేదు.

ఆ శ్రమకు సొంత గొంతు రావడానికి మరో మూడు శతాబ్దాలు పట్టింది. పక్కనున్న స్విండన్‌లో 1840లలో గ్రేట్ వెస్టరన్ రైల్వే కర్మాగారం వచ్చింది. ఆ పరిసరాల సౌత్ మార్‌స్టన్ పల్లెలో పుట్టిన ఆల్ఫ్రెడ్ విలియమ్స్ 1892 నుంచి 1914 దాకా ఆ కర్మాగారంలో కొలిమి దగ్గర, ఆవిరి సుత్తి దగ్గర పనిచేశాడు. ఆరోగ్యం చెడి పని మానుకున్నాక, 1915లో 'లైఫ్ ఇన్ ఎ రైల్వే ఫాక్టరీ' అచ్చువేశాడు. ఫలకం పెట్టిన 1615కు సరిగ్గా మూడు వందల ఏళ్ళకు. అందులో వంశవృక్షం లేదు. షాపులు, కొలుములు, రాత్రిపాళీలు, ముక్కకింత చొప్పున కూలి లెక్కలు, దెబ్బలు తగిలిన మనుషులు. పని చేసినవాడే పనిని రాశాడు.

ఆయనకు మనతోనూ ఒక సంబంధం ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుడిగా మన దేశానికి వచ్చాడు. తిరిగి వెళ్ళాక కూలికి మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేక, భార్యా తనూ కలిసి పాడుపడిన కాలువ లాకు ఇటుకలు మోసుకొచ్చి సొంత చేతులతో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటికి 'రాణీఖేత్' అని పేరు పెట్టుకున్నారు. సంస్కృతం నేర్చుకుని పంచతంత్ర కథలను ఇంగ్లీషులోకి మార్చాడు. 1930లో ఆయన పేదరికంలో పోయాక ఆ పుస్తకం వెలువడింది. డాలు లేనివాడు తన ఇంటి గుమ్మానికి హిమాలయాల దగ్గరి ఒక ఊరి పేరు తగిలించుకున్నాడు. ఈ రెండు స్మారకాలూ ఒకే నేల మీద, కొన్ని మైళ్ళ ఎడంలో పుట్టాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ నేల చరిత్ర చదివినట్టు.

సెయింట్ జాన్ల భవనాన్నీ, తోటనూ 1943లో స్విండన్ పురపాలక సంఘం కొన్నది. రైల్వే కార్మికుల ఊరు భూస్వామి ఇంటిని కొనుక్కుంది. ఫలకం చర్చిలో అలాగే ఉంది.

6

ఇదంతా రాశాక నా సంగతికి వస్తాను.

సర్ జాన్ వంశవృక్షం గీయించాడని విమర్శించే నేను తరగతిలో ఏం చేశాను? ఆధునిక సాహిత్యం పాఠం చెప్పిన ప్రతిసారీ నల్లబల్ల మీద ఒక చెట్టు గీశాను. వేరు దగ్గర గురజాడ, బోదె శ్రీశ్రీ, పైన కొమ్మలు. తొలి తెలుగు కథ 1910 నాటి 'దిద్దుబాటు' అని పదేళ్ళపాటు పిల్లల చేత రాయించాను. బండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే అచ్చయిందని తెలిశాక కూడా, చెట్టు చెడిపోతుందని మొదట్లో ఆమె పేరును పక్కన చిన్న రెమ్మగా గీశాను. ఆ రోజు లిడియర్డ్ హెరాల్డుకూ నాకూ తేడా లేదు. ఆయన సుముఖత కోసం చేశాడు, నేను సౌకర్యం కోసం చేశాను. గురజాడ గొప్పతనం అచ్చమాంబ పేరు రాసినంత మాత్రాన తగ్గదు. తగ్గుతుందనే భయం వంశాభిమానానిదే గాని విమర్శకుడిది కాదు.

మన సంస్మరణ సంచికలు తీసి చూడండి. ఫలానా మహాకవి వారసులం, ఫలానా ఉద్యమ సంతానం అని ఎంతమంది రాసుకుంటాం! ఆ సంచికల ప్రూఫులు దిద్దినవాళ్ళు, సభలకు చందాలు పోగుచేసినవాళ్ళు, మీటింగులకు వచ్చినవాళ్ళందరికీ ఇంట్లో వండిపెట్టినవాళ్ళు ఏ కొమ్మ మీద ఉన్నారు? "చెమట ఎవరిది?" అనే ప్రశ్న పరాయి చర్చి గోడకు వేయడం సులువు. మన గోడకు వేసుకున్నప్పుడే దానికి విలువ.

అందుచేత ఆ ఇద్దరు యువమిత్రులకూ నేను చెప్పదలచింది ఇది. కళను కళగా చూడాలన్న మిత్రుడు తలుపులు తెరిచి చూసి ఆగిపోయాడు. మూసి వెనకవైపు కూడా చదవాలి. లాంఛనం రంగు ఎంత బాగుందో చెప్పేటప్పుడు ఆ గడి ఎవరి పెళ్ళితో వచ్చిందో కూడా తెలుసుకోవాలి. చెమట గురించి అడిగిన మిత్రుడు తలుపులు మూసే ఉన్నాయనుకుని వెనుదిరిగాడు. ఆయన ప్రశ్నకు జవాబు బ్రేడన్ కోర్టు కాగితాల్లోనూ, ఆల్ఫ్రెడ్ విలియమ్స్ పుస్తకంలోనూ ఉంది. ఆ దారి వెతకడానికి ముందు ఫలకం ముందు కాసేపు నిలబడాలి. పాలకవర్గం తన గురించి చెప్పుకున్న అబద్ధాన్ని అక్షరం అక్షరం చదివినవాడికే అందులో జారిపోయిన నిజం దొరుకుతుంది.

ఈ సంవత్సరం నల్లబల్ల మీద చెట్టు గీయడం మానేశాను. ఒక పక్క సంవత్సరాలు, ఎదురుగా పేర్లు రాస్తున్నాను. మధ్యలో చాలా ఖాళీలుంటున్నాయి. మొన్న ఒక అమ్మాయి "ఈ ఖాళీల్లో ఎవరున్నారు సార్?" అని అడిగింది. చప్పట్లు కొట్టే ప్రశ్న కాదు అది. గ్రంథాలయానికి వెళ్ళవలసిన ప్రశ్న. వచ్చే ఆదివారం ఆ పిల్లలతో కలిసి వెళుతున్నాను.